ఇరవై మూడో సీసా

గాజు గొట్టాల్లో నీళ్ళు పోసి, నాలుగింటినీ యంత్రంలో ఎదురెదురుగా నిలబెట్టి, పిడి తిప్పేదాన్ని. వంద చుట్లు తిప్పాలి. వంద అయ్యాక అది దానంతట అదే ఆగాలి, చెయ్యి అడ్డం పెట్టి ఆపకూడదు. ఆగాక ప్రతి గొట్టం అడుగునా గోటితో తీసేంత మడ్డి మిగులుతుంది. పైనీళ్ళు వంచేసి, కొత్త నీళ్ళు పోసి, మళ్ళీ వంద. ఒక్కో గొట్టానికి ఏడు కడుగులు. కుడిచెయ్యి లాగేస్తే ఎడమచేత్తో తిప్పేదాన్ని. వీధిలో చెరకు బండ్లు పోతున్న చప్పుడు వినపడేది గాని బండ్లు కనపడేవి కావు. కిటికీకి కాగితాలు అంటించి ఉండేవి.

ఆ మడ్డి సముద్రం అడుగుది. గోదావరి సముద్రంలో కలిసే చోట, పడవ మీది నుంచి ఇనుప గొట్టం దించి తీసిన బురద. మా అన్న దేవిదాస్ దాన్ని నలభై సీసాల్లో పెట్టుకుని, అరువు తెచ్చిన మైక్రోస్కోపుతో, అరవై ఆరులో దసరా వెళ్ళాక బోధన్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఒకటో సీసాలో పైబురద, నలభయ్యో సీసాలో అట్టడుగు బురద. ఎంత కిందికి పోతే అంత పాతకాలం. ఆమ్లాలు పోసి చేసే పని యూనివర్సిటీలోనే ముగించుకు వచ్చాడు. కడగడం, చూడడం, లెక్కపెట్టడం మిగిలాయి.

అన్న స్కాలర్‌షిప్పు ఉగాదితో ఆగిపోతుంది. ఆలోగా థీసిస్ ఇస్తే సముద్రం పక్కన ఆ యూనివర్సిటీ ఉన్న ఊళ్ళోనే లెక్చరర్ ఉద్యోగం, రెండు గదుల క్వార్టరు. ఇవ్వలేకపోతే ఏదో ఊరి బళ్ళో పంతులు పని. ఉద్యోగం దొరికితే నన్ను తీసుకుపోతానన్నాడు. ప్రొఫెసరు గారి ల్యాబులో గవ్వలు ఏరడానికి నిదానమైన చేతులున్న మనిషి కావాలట. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నవీపేట దగ్గర అమ్మమ్మ ఊళ్ళో ఏడో తరగతి చదివి ఇంటికి వచ్చినదాన్ని. ఆ ఇంటి నుంచి ఇంకెక్కడికైనా పోవచ్చని అంతవరకూ నాతో ఎవరూ అనలేదు. బాపు, అంటే మా నాన్న, కాదనలేదు. ఉద్యోగం కాయితం చేతికొచ్చినాక చూద్దామన్నాడు.

గవ్వలంటే ఇసుక రేణువంతటివి. బురదను సన్నని జల్లెడలో కడిగి ఆరబెడితే మిగిలేవి. మైక్రోస్కోపు కింద చూస్తే ఒకటి నత్తలా, ఒకటి జడలా, ఒకటి నాలుగు ద్రాక్షపళ్ళు అతికినట్టు ఉండేది. వాటి లోపల బతికిన ప్రాణులు వేల ఏళ్ళ కిందటే చచ్చిపోయాయి. రెండు వెంట్రుకలున్న కుంచెను పెదవికి ఆనించి తడి చేసుకుని, ఒక్కొక్క గవ్వనూ ఎత్తి నల్లటి అట్ట మీద వరసగా పెట్టాలి. మొదటిరోజు పెదవికి ఉప్పు తగులుతుందేమో అనుకున్నాను. తగల్లేదు. అప్పటికే ఎన్నోసార్లు కడిగారుగా. ఇది రాస్తున్న ఈ రోజుకీ నేను సముద్రం చూడలేదు.

గవ్వల్ని బట్టి నీళ్ళ సంగతి తెలుస్తుందని అన్న చెప్పేవాడు. కొన్ని రకాలు ఉప్పు ఎక్కువున్న నీళ్ళలోనే బతుకుతాయి, కొన్ని నది నీళ్ళు కలిసి పలచబడిన చోట బతుకుతాయి. నేల సంగతి పుప్పొడి చెబుతుంది. నది మోసుకొచ్చిన పుప్పొడి సముద్రం అడుక్కి దిగి, బురదలో చెక్కుచెదరకుండా ఉంటుంది. మూడు గాట్లున్న చిన్న పుప్పొడి గింజ సముద్రపు అంచున పెరిగే మడచెట్టుది. ఒక్క రంధ్రం, దాని చుట్టూ గాజులాంటి అంచు ఉన్న గుండ్రని గింజ గడ్డిది. గడ్డి మరీ ఎక్కువైతే ఆ కాలంలో వానలు పోయి, అడవి తగ్గిందని అర్థం.

అయితే వరి, జొన్న, చెరకు కూడా గడ్డి జాతే. మా ఊరి చుట్టూ ఎటు చూసినా చెరకే. అది పూత మీదున్న కాలం. గాలి నిండా దాని పుప్పొడి, పైనుంచి చక్కెర ఫ్యాక్టరీ మసి. అందుకే అన్న వచ్చిన రోజే ముందుగది కిటికీకి కాగితాలు అంటించి, తలుపు కింద తడిగోనె కుక్కాడు. పొద్దున లోపలికి పోతే చీకటి పడ్డాకే బయటికి. దీపం వేడికి మెడ వెనక చెమట కారుతూనే ఉండేది. విసనకర్ర ఊపకూడదు.

పక్కింటి హన్మవ్వ గోడ మీది నుంచి అడిగేది. "ముత్తవ్వా, పిల్లను సీకట్ల గుడ్ల మీద పొదుగ కూసోవెట్టినవా? ఎన్ని పిల్లలు లేసినయి?"

"లేస్తే నీకే ఇస్త తియ్, నీ ఇంట్ల కోడి గిట్ల లేదు గద," అనేది అవ్వ, మా అమ్మ.

కడగడానికి మామూలు నీళ్ళు పనికిరావు. బావినీళ్ళలో ఏవేవో ఉంటాయి. వచ్చిన కొత్తలో అన్న నాకు కాలువ నీటి చుక్క ఒకటి చూపించాడు. అందులో పళ్ళచక్రాల్లాంటి పచ్చని నాచుముద్దలు తేలుతున్నాయి. ఇవి తీపినీళ్ళలోనే ఉంటాయి, వీటికి సముద్రం పడదు అన్నాడు. అందుకని నీళ్ళు బాపు తెచ్చేవాడు. ఫ్యాక్టరీలో చెరకురసం మరిగినప్పుడు లేచిన ఆవిరి చల్లారి నీళ్ళవుతుంది. అంత శుద్ధమైన నీళ్ళు ఊళ్ళో ఇంకెక్కడా దొరకవు. రెండు రోజులకొకసారి డబ్బా నింపి సైకిలుకు కట్టుకు వచ్చేవాడు.

బాపు పేరు రాజలింగు. చక్కెర వండే పాను దగ్గర పనిచేసేవాడు. పాకం ఎప్పుడు దించాలో చెప్పేది ఆయనే. ఒక చుక్క తీసి గాజుపలక మీద రుద్ది, వెలుతురుకు పట్టి, గింజ కట్టిందో లేదో చూసేవాడు. అన్న గాజుపలకల్ని మొదటిసారి చూసినప్పుడు నవ్వాడు. "నేను ఇరవై ఏండ్ల సంది జేసేదే గద ఇది. దీనికి ఇంత పెద్ద సదువెందుకురా?" అన్నాడు. అన్న కూడా నవ్వాడు. ఆ ఏడు వాళ్ళిద్దరూ కలిసి నవ్వింది అప్పుడే.

మొదట్లో, కడిగిన మడ్డి పూసిన ప్రతి గాజుపలకనూ అన్నే చూసేవాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, నేను పట్టిన గుర్తులు సరిచూసేవాడు. పుష్యమాసం వచ్చేసరికి నా కంటి మీద నమ్మకం కుదిరింది. ఇక నేను ఒక్కో పలకలో రెండు వందల గింజలు చూసి, ఏ రకం ఎన్నో కాగితం మీద గీతలు గీసి ఇచ్చేదాన్ని. అన్న ఆ గీతలతో పెద్ద కాగితం మీద వంకరగీతలు గీసి, పక్క గదిలో థీసిస్ రాసేవాడు.

ఇరవై రెండో సీసా వరకు గడ్డి ముప్ఫై దాటలేదు. ఇరవై మూడో సీసాలో నూటపది వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. నూటపదే. ఇరవై నాలుగులో నూట ఇరవై. అన్న పరుగున వచ్చి, తనూ రెండు పలకలు చూశాడు. తర్వాత కాగితాలు పరిచి నాకు వివరించాడు. వేల ఏళ్ళ కింద గోదావరి పొడుగునా వానలు ఆగిపోయాయి, అడవులు ఎండి గడ్డి మిగిలింది, ఇంతవరకూ ఎవరూ ఇది చూపలేదు అన్నాడు. ఆ రోజే ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాడు. అవ్వ సేమియా పాయసం చేసింది. నా గిన్నెలో అన్న తన వంతు కూడా పోశాడు.

ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. గడ్డి తగ్గలేదు. కాని ఆ గడ్డి గింజలు నాకు వేరేగా కనపడ్డాయి. అప్పటివరకు చూసిన ప్రతి గింజా తాలు గింజే. పైపొట్టు తప్ప లోపల ఏమీ ఉండేది కాదు, అద్దంలా అవతలి వైపు కనిపించేది. ఇవి గట్టి గింజలు. లోపల ఏదో నిండి, ఎర్రరంగు వేస్తే ముద్దగా ముదురుతున్నాయి. కళ్ళంలో తూర్పార పట్టినప్పుడు ఏది తాలో ఏది గట్టిదో కళ్ళు మూసుకుని చేతికి తగిలినా చెప్పగలను. వేల ఏళ్ళు బురదలో ఉండి, ఆమ్లంలో నాని వచ్చిన గింజ ఇంకా గట్టిగా ఎలా ఉంది? అడుగుదామనుకున్నాను. అన్న పక్క గదిలో ఈల వేస్తూ రాసుకుంటున్నాడు.

గవ్వలు కూడా ఒప్పుకోలేదు. ఆ సీసాల బురద నుంచి గవ్వల్ని నేను కార్తీకంలోనే ఏరి పెట్టాను. అట్టలు తీసి మళ్ళీ చూశాను. అవన్నీ నది నీళ్ళు కలిసిన చోట బతికే రకాలు. వానలే లేకపోతే సముద్రంలోకి అంత నది నీరు ఎక్కడిది?

అదే వారం అవ్వ నన్ను పిలిచింది. లింబయ్య తోటలో బెల్లం వండుతున్నారు, పోయి ఇంత వేడిబెల్లం తెమ్మంది. బెల్లం ఇంట్లో ఉంది కదా అన్నాను. "ఉంటేంది? పోయి తే. నువ్వే పో," అంది. నా మొహం వైపు చూడలేదు.

మూడు నెలల తర్వాత వెలుతురులోకి వచ్చాను. కాలువ గట్టు మీద నడుస్తుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రెండు వైపులా చెరకు తెల్లగా పూసి ఉంది. గాలి వీచినప్పుడల్లా ఆ పూత దుమ్ములా లేచి కాలువ నీటి మీద పడుతోంది. అంచుల్లో నీళ్ళు పసుపుపచ్చ మీగడ కట్టినట్టు ఉన్నాయి. లింబయ్య పొయ్యి కాలువ పక్కనే. చెరకుపిప్పి మంట, పొగ. మంటకు ఇవతల, పెద్ద పెనంలో గరిట తిప్పుతూ, ఫ్యాక్టరీ ఖాకీ అంగీతో బాపు నిలబడి ఉన్నాడు. పక్కన చిన్న పొయ్యి మీద మా డబ్బా ఉంది.

ఆయన నన్ను చూసి గరిట లింబయ్యకిచ్చి వచ్చాడు. మెడలోని తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అవ్వ పంపిందా?"

"బెల్లానికి."

గట్టు మీద కూర్చున్నాం. ఆయనే చెప్పాడు. చూపు మసకబారిందట. గాజుపలక మీద గింజ కానక రెండుసార్లు పాకం చెడగొట్టాడు. ఆఫీసరు మంచిగానే మాట్లాడి, కాలు కదపకుండా గేటు దగ్గర కాపలా కూర్చోమన్నాడట. "పాను మీద నిలవడ్డోన్ని. మొన్నటిదాంక నాకు సలాం గొట్టినోల్లకు గేటు దీయాల్నా?" అన్నాడు. ఆ రోజే బయటికి వచ్చేసి, ఈ పొయ్యి దగ్గర కూలికి కుదిరాడు. పుష్యం మొదట్లో.

"అన్నకు జెప్పకు బిడ్డా. వానికి తెలిస్తే సదువు ఇడిశిపెట్టి నౌకరి జేస్త అంటడు. ఉగాది దాంక. గంతే."

"నీళ్ళు, బాపూ?"

"నీళ్ళకేమైంది? కాలువల ముంచి, గీ పొయ్యి మీదనే మస్తుగ మరిగించి, నాలుగు మడతల పంచెల వడగడుతున్న. ఫ్యాక్టరీ నీళ్ళ కన్న తేటగున్నయి. సూడు కావల్నంటే."

డబ్బా మూత తీసి చూపించాడు. నిజంగానే తేటగా ఉన్నాయి. నేను చూశాను, బాగున్నాయన్నాను. ఆకులో చుట్టిన వేడిబెల్లం చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాను. పుష్యం మొదట్లో మేము కడుగుతున్నది ఇరవై మూడో సీసా. దారంతా ఆ మాటే.

అన్నకు చెబితే బాపు పరువు పోతుంది, థీసిస్ పోతుంది, నా ప్రయాణం పోతుంది. చెప్పకపోతే జరగని కరువును మా ఇంటి నుంచి పుస్తకంలోకి ఎక్కిస్తాం. ఎవరికి చెప్పాలో తెలియక గదిలోకి పోయి తలుపు మూసుకున్నాను. తడిగోనె మళ్ళీ కుక్కాను. తర్వాత పన్నెండు రోజులు అలాగే గడిచాయి. గొట్టాలు తిప్పాను. గడ్డి లెక్కపెట్టాను. ఉన్నన్ని ఉన్నట్టే గీతలు గీశాను. ఒక్కటి తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు. అదొక్కటే నా చేతిలో ఉంది అనుకున్నాను. సాయంత్రం బాపు డబ్బా తెచ్చి గడపలో పెట్టి, నా కళ్ళలోకి ఒకసారి చూసి పోయేవాడు. నీళ్ళు ఒలకబోద్దామని ఒకరోజు డబ్బా ఎత్తాను. ఒలకబోస్తే రేపు మళ్ళీ తెస్తాడు. దించేశాను.

మాఘం మొదట్లో ప్రొఫెసరు గారి జవాబు వచ్చింది. అన్న గట్టిగా చదివాడు. చాలా ముఖ్యమైన ఫలితం, చైత్రంలో జరిగే సభలో నువ్వే చదవాలి, పలకలన్నీ తీసుకురా అని ఉంది. చివర ఇంకో రెండు వరసలు. గవ్వలు ఏరే పనికి నీ చెల్లెలి పేరు రాసి పెట్టాను, జూన్ నుంచి రావచ్చు అని. అవ్వకు అర్థం కావడానికి అన్న ఆ రెండు వరసలూ మళ్ళీ చెప్పాడు. అవ్వ పప్పు ఏరుతూ విన్నది. "పోనీ. ఒక్కరన్న బయట వడనీ," అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. మంచి నిద్ర. పొద్దున లేచాక దానికే భయం వేసింది.

ఆ మధ్యాహ్నం అన్న తిని వచ్చి, మిగిలిన సీసాలు ఎన్నని అడిగాడు. మూడు అన్నాను. ఆ కరువుకాలానికి ఒక పేరు పెట్టాలని ఉందని, గోదావరి పేరు కలిసేలా పెడతానని చెబుతున్నాడు. నేను డబ్బాలోంచి ఒక చుక్క గాజుపలక మీద వేసి, పైన పల్చటి అద్దం పెట్టి, మైక్రోస్కోపు కింద జరిపాను.

"అన్నా, ఒక్కసారి చూడు."

అతను వంగి చూశాడు. మరచక్రం ముందుకు, వెనక్కు తిప్పాడు. "ఏ సీసా? ముప్ఫై ఏడా?"

"సీసా కాదు. నీళ్ళు."

అతను కన్ను ఎత్తలేదు. అక్కడ ఏమున్నాయో నాకు తెలుసు. గట్టి గడ్డి గింజలు గుంపులుగా, వాటి మధ్య పాలిపోయిన నాచు చక్రాలు రెండో మూడో. దీపం చిటపటమంది. అలాగే వంగి ఉండి అడిగాడు.

"ఎన్ని దినాల సంది?"

"ఇరవై మూడో సీసా సంది."

"బాపు..."

నేను చెప్పాను. లింబయ్య పొయ్యి, పంచె మడతలు, గేటు కాపలా, ఉగాది వరకు ఆగమన్న మాట, అన్నీ. నాకు ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాను. పన్నెండు రోజులన్నప్పుడు అతను నా వైపు తిరిగాడు గాని కోపపడలేదు. ఇరవై మూడు నుంచి ముప్ఫై ఏడు వరకు సీసాల మడ్డి అంతా వాడేశాం. మళ్ళీ కావాలంటే మళ్ళీ పడవ, మళ్ళీ ఇనుపగొట్టం, మళ్ళీ ఒక సంవత్సరం. అతను లేచి, కిటికీ దగ్గరికి పోయి, కాగితాలు చింపాడు. ఒక్కొక్కటే, గోటితో గీకి గీకి, తీరిగ్గా చింపాడు. వీధిలో చెరకు బండి మీది మనిషి మా వైపు చూసుకుంటూ పోయాడు. వెలుతురుతోపాటు మసి వచ్చి బల్ల మీద పడింది. ఊదడానికి నోరు తెరిచి, మానుకున్నాను.

అవ్వ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"నీకు ఎరుకనా అవ్వా?" అన్నాడు అన్న.

"ఆ అంగీ నేనే గద ఉతికేది. ఫ్యాక్టరీల పాకం మరకలుంటయి, పిప్పి పొగ వాసనుండది. నిప్పురవ్వల బొక్కలుండయి." కొంగుతో బల్ల మీది మసి తుడవబోయి ఆగింది. "నా నోటితోని ఎట్ల అడగాలె? అందుకే దీన్ని తోలిన."

సాయంత్రం బాపు వచ్చేసరికి కిటికీ తెరిచి ఉంది. సైకిలు మీదే ఉండి, ఒక కాలు నేలకు ఆన్చి ఆ కిటికీని చూశాడు. లోపలికి వచ్చి డబ్బా గడపలో పెట్టబోతే అన్న ఎదురుపోయి అందుకున్నాడు.

"నీళ్ళు సాలు బాపూ. పని అయిపోయింది."

బాపు నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. దించుకుంటే బాగుండేదేమో. అన్నం తినేటప్పుడు అన్న అవ్వతో అన్నట్టుగా అన్నాడు. వేల్పూర్ బళ్ళో సైన్సు పంతులు ఖాళీ ఉందట, రేపు పోయి కనుక్కుంటానని. ఇంకో ఏడాది చదవాలంటే ఇల్లు ఎట్లా గడుస్తుంది, చదివింది చాలు అని. గంగమణి ఇక రాదని ప్రొఫెసరు గారికి రాస్తానన్నాడు. గంగమణిని నేనే. నా పేరు పట్టి అతను అట్లా మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడడం అదే మొదటిసారి. బాపు పళ్ళెంలో చెయ్యి అలాగే ఉంది. చివరికి మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

తెల్లవారి నేను వాకిలి ఊడ్చి లోపలికి వస్తుంటే ఆయన ఖాకీ అంగీ తొడుక్కుంటున్నాడు. నిప్పురవ్వల బొక్కలకు అవ్వ మాట్లు వేసి ఉంచింది. ఎప్పుడు వేసిందో. అన్న బల్ల దగ్గర కూర్చుని ప్రొఫెసరు గారికి ఉత్తరం మొదలుపెట్టి, మొదటి వరస దాటలేక కలం పట్టుకుని ఉన్నాడు. అవ్వ రొట్టెల మూట అందిస్తే బాపు తీసుకున్నాడు. అన్న భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేశాడు. నా పక్కనుంచి గడప దాటాడు. సైకిలెక్కి, కాలువ గట్టు వైపు కాకుండా, తాను కాదని వచ్చిన ఫ్యాక్టరీ గేటు వైపు తిప్పాడు.